గడువులన్నీ మాకేనా? పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ అడ్మిషన్ కమిటీలకు ఒక బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల్లో పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ ప్రవేశాలు చూసే కమిటీల పెద్దలకు, ఆ ఫైళ్ల మీద సంతకాలు పెట్టే రిజిస్ట్రార్లకు, వైస్ ఛాన్సలర్లకు నమస్కారం.

మాది విజయనగరం. ఎంఏ పొలిటికల్ సైన్స్ చేశాను. అధ్యాపక ఉద్యోగాలకీ పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత పరీక్ష అయిన నెట్ క్వాలిఫై అయ్యాను, పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్, రాలేదు. ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెబుతున్నాను. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాను, ఇంటర్వ్యూకి పిలిస్తే వెళ్లి వచ్చాను. ఫలితం మాత్రం రాలేదు. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లంతా మన గురించి కాదులే అనుకుంటారు. నాలాగే ఎదురుచూస్తున్నవాళ్లతో మాట్లాడితే అందరిదీ ఇంచుమించు ఒకటే కథ. పేరు రాస్తే వచ్చే సీటు కూడా పోతుందేమోనన్న భయం కూడా లేకపోలేదు, అది దాచుకోవడం దేనికి?

సీటు ఇవ్వమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఎవరికి ఇవ్వాలో తేల్చాల్సింది మీరే. నేను అడిగేది తేదీ. ఫలానా రోజులోగా చెబుతామని నోటిఫికేషన్‌లోనే రాయండి, ఆ రోజుకి చెప్పండి. అవునన్నా సరే, కాదన్నా సరే.

ఎందుకంటే మా చేతిలో ఉన్న ప్రతి కాగితానికీ ఒక ఆఖరి తేదీ ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తు ఫలానా రోజు అర్ధరాత్రితో మూసేస్తారు. ఫీజు ఆలోగా కట్టాలి. హార్డ్ కాపీ పోస్టులో ఫలానా తేదీకి చేరకపోతే దరఖాస్తు చెల్లదు, పోస్టల్ ఆలస్యానికి మీ బాధ్యత ఉండదు. చేరాక కూడా అంతే, మూడేళ్లకి తక్కువ కాకుండా, మామూలుగా ఆరేళ్లకి మించకుండా పూర్తి చేయాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022లో పెట్టిన పీహెచ్‌డీ నిబంధనలు చెబుతున్నాయి. ఇవేవీ తప్పని అనను. ఆ నిబంధనలు మొదట్నుంచి చివరిదాకా చదివాను. ఇంటర్వ్యూ అయ్యాక ఎన్ని రోజుల్లో ఫలితం చెప్పాలన్న వాక్యం మాత్రం ఎక్కడా నా కంటపడలేదు.

నెట్ సంగతే చూడండి. 2024 జూన్ నుంచి యూజీసీ పద్ధతి మార్చింది. క్వాలిఫై అయినవాళ్లని మూడు రకాలుగా విడదీస్తున్నారు: జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులైనవాళ్లు, ఒక్క పీహెచ్‌డీ ప్రవేశానికే అర్హులైనవాళ్లు. రెండో, మూడో రకం వాళ్ల విషయంలో నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో ఎంట్రన్స్ రాస్తూ ఊళ్లు పట్టుకు తిరగక్కర్లేదని అందరం సంతోషించాం. అయితే పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ మార్కులు పనికొచ్చేది ఒక్క ఏడాదే.

నేను రెండో రకం. నోటిఫికేషన్ పడటానికి కొన్నాళ్లు, దరఖాస్తు గడువు పొడిగింపుకి కొన్నాళ్లు, ఇంటర్వ్యూ తేదీలు మారడానికి కొన్నాళ్లు పోయాయి. ఇక ఫలితానికి ఎన్నాళ్లో తెలీదు. ఇది రాకపోతే ఇవే మార్కులతో ఇంకోచోట ప్రయత్నిద్దామంటే, మీరు కాదని చెప్పేసరికి ఆ ఏడాది కాస్తా అయిపోతుంది. మళ్లీ నెట్ రాయాలి. అంటే మీ ఆలస్యం వల్ల నాకు పోయేది మీ దగ్గర సీటు ఒక్కటే కాదు, మిగతా అన్నిచోట్లా కూడా.

ఆ కొత్త పద్ధతిలో మొదటి పరీక్ష 2024 జూన్ 18న జరిగింది. తొమ్మిది లక్షల మందికి పైగా రాశారు. మర్నాడు రాత్రికల్లా రద్దు చేశామన్నారు. మళ్లీ ఆగస్టు 21 నుంచి పెట్టారు. ఆ గందరగోళం గురించి తిట్టుకోవాల్సింది చాలా ఉంది గానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అంతమంది రాసిన పరీక్ష రద్దయిందన్న చేదు కబురు చెప్పడానికి ఒక్క రోజే పట్టింది. ఇంటర్వ్యూకి వచ్చిన కొద్దిమందికి సీటు లేదని చెప్పడానికి నెలలు ఎందుకు పడుతున్నాయో నాకు అర్థం కాదు.

జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లు నయం అనుకుంటాం. నెలకి 37 వేలు. కానీ ఆ డబ్బు కదలాలంటే ముందు ఎక్కడో ఒకచోట పీహెచ్‌డీలో చేరాలి. వాళ్ల అవార్డు లెటర్‌కీ గడువుంది. చేరే చోటు తేలక, ఫెలోషిప్ చేతిలో ఉండి కూడా ట్యూషన్లు చెప్పుకునేవాళ్లు నాకు తెలుసు.

ఇంక సర్టిఫికెట్ల గొడవ. ఇది మీ గదుల్లో కూర్చున్నవాళ్లకి తెలిసే అవకాశం తక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కేంద్ర విద్యాసంస్థలకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదే కావాలంటారు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌దీ అదే సంగతి. దరఖాస్తు ఒక ఏడాదిలో పెట్టి, చేరడం ఇంకో ఏడాదికి జరిగితే మధ్యలో మార్చి 31 వస్తుంది. పాత కాగితం చెల్లదు. మళ్లీ వార్డు సచివాలయానికి వెళ్లాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నా నంబరు కొట్టి చూసి, "అక్కా, నీకు మొన్నే కదా ఇచ్చినాం" అంది. గడువు అయిపోయిందమ్మా అన్నాను. "అయితే జాయినైపోనావేటి?" అంది. లేదు, రిజల్ట్ రాలేదు అన్నాను. "మరిప్పుడెందుకు, వచ్చాక తీసుకోవచ్చు కదా."

ఆ పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. కానీ ఫలితం వచ్చాక చేరడానికి మీరు ఇచ్చేది మూడు నాలుగు రోజులు. ఆ మూడు నాలుగు రోజుల్లో నా అర్జీ వీఆర్వో దగ్గర, ఆర్‌ఐ దగ్గర ఆగి, తహసీల్దార్ సంతకం పడి చేతికి రావాలంటే అయ్యే పని కాదు. అందుకని రాని సీటు కోసం ముందే సర్టిఫికెట్ తెచ్చి పెట్టుకోవాలి. ఇదంతా ఆమెకి చెబుతుంటే వెనకాల రేషన్ కార్డు పని మీద వచ్చినావిడ ఏం ఉద్యోగమమ్మా అని అడిగింది. ఉద్యోగం కాదండీ, చదువు అన్నాను. ఈ వయసులోనా అన్నట్టు ఓ చూపు చూసి, పాపం తన టోకెన్ నాకిచ్చి ముందు వెళ్లమంది.

ఇంట్లోవాళ్ల మాటలు ఇక్కడ రాయను. అవి మీరూ విన్నవే అయ్యుంటాయి, మీరూ ఒకప్పుడు రీసెర్చ్ స్కాలర్లే కదా.

మీ ఇబ్బందులు మాకు తెలియవని అనుకోకండి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు, ఇంతకు మించి స్కాలర్లు ఉండకూడదు. ఉన్న స్కాలర్ థీసిస్ సబ్మిట్ చేసి బయటపడితే గానీ ఖాళీ రాదు. రిటైరైనవాళ్ల చోట కొత్త పోస్టులు భర్తీ కాని డిపార్ట్‌మెంట్లు ఎన్నో. రిజర్వేషన్ రోస్టర్ దగ్గర తేడా వస్తే ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు. వీసీ పోస్టు ఖాళీగా ఉంటే ఇన్‌ఛార్జిగా వచ్చినాయన పెద్ద ఫైళ్ల మీద సంతకం పెట్టడానికి జంకుతారు. ఇవన్నీ నిజాలే. కానీ వీటిలో ఒక్కటైనా మాకు చెప్పారా? "ఫలానా కేసు వల్ల ఫలితాలు ఆగాయి, వచ్చే నెల పదో తారీఖున మళ్లీ తెలియజేస్తాం" అని రెండు లైన్ల నోటీసు పెడితే మీకు పోయేదేముంది? ఫోన్ చేస్తే "వెబ్‌సైట్ చూస్తుండండమ్మా" అంటారు. ఆ మాట చెప్పే క్లర్కు మర్యాదగానే చెబుతాడు, ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయనకీ ఎవరూ ఏమీ చెప్పలేదు. వెబ్‌సైట్ చూస్తే అందులో "కొత్తది" అంటూ ఎర్రగా మిణుకుమంటున్నది రెండేళ్ల కిందటి టెండర్ ప్రకటన.

పైగా ఈ ఆలస్యం సీట్ల లెక్కనే మార్చేస్తుంది. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు సర్వీసు ఉన్న అధ్యాపకులు కొత్త స్కాలర్లని తీసుకోకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. నోటిఫికేషన్ నాటికి మూడేళ్ల రెండు నెలల సర్వీసు మిగిలిన ప్రొఫెసర్ గారి పేరు మీద సీటు చూపిస్తారు. మీరు ఫలితం చెప్పేసరికి ఆయనకి రెండేళ్ల పది నెలలే మిగులుతుంది. అప్పుడు ఆ సీటు ఏమవుతుంది? మా ఇంటర్వ్యూలో సరిగ్గా ఈ పరిస్థితిలో ఉన్న మాస్టారు ఒకరు కూర్చున్నారు. ఆయన చేయాలనుకుంటున్న అంశానికి దగ్గరగా ప్రపోజల్ రాసుకొచ్చిన కుర్రాడు బయట బెంచీ మీద నా పక్కనే కూర్చున్నాడు. అతని గతి ఏమైందో నాకు తెలీదు, బహుశా అతనికీ తెలీదు.

మీరే మాకు రాజ్యాంగంలో ఆర్టికల్ 200 చెప్పారు. శాసనసభ పంపిన బిల్లుకి గవర్నర్ ఆమోదమైనా తెలపాలి, ఆపానని అయినా ప్రకటించాలి, రాష్ట్రపతికి అయినా నివేదించాలి; తిప్పి పంపదలిస్తే "వీలైనంత త్వరగా" పంపాలి. ఏమీ చేయకుండా బల్ల సొరుగులో పెట్టుకుంటే దాన్ని పాకెట్ వీటో అంటారని కూడా మీరే చెప్పారు. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్లకి గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబర్ 20న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకి జవాబిస్తూ, కోర్టులు అలా గడువులు విధించలేవంది. కానీ కారణం చెప్పకుండా ఎంతకీ తేల్చకపోతే కోర్టు పరిమితంగానైనా జోక్యం చేసుకోవచ్చనీ అంది. ఈ ఏడాది మా కాలేజీలో ఫైనలియర్ పిల్లలకి ఇది చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచి "మేడమ్, అంటే ఏమీ చెప్పకుండా ఉండటమే పవరా?" అని అడిగాడు. పాఠం బాగా ఎక్కిందని సంబరపడ్డాను. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్‌లో మీ వెబ్‌సైట్ తెరిచాక వాడి ప్రశ్న నా గురించే అనిపించింది.

మా సబ్జెక్టుకి ఇంకో ఇబ్బంది ఉంది. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఈ నెల కాకపోతే వచ్చే నెల ప్రయోగం చేసుకోవచ్చేమో. ఎన్నికలు, ఉద్యమాలు, సరిహద్దు తగవులు మీ కమిటీ సమావేశం కోసం ఆగవు.

నా పరిశోధనాంశం కొటియా. సాలూరు దాటి కొండెక్కితే ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో ఇరవైకి పైగా గిరిజన గ్రామాలున్నాయి. ఇవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్తే, ఎక్కడివాళ్లు అక్కడే ఉండమని కోర్టు యథాతథ స్థితి విధించింది. 2006లో ఆ దావా సాంకేతిక కారణాల మీద ముగిసింది, తగవు మాత్రం ముగియలేదు. 2021 ఫిబ్రవరిలో మన రాష్ట్రం అక్కడ మూడు గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టులో ధిక్కార పిటిషన్ వేసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగేదాకా సాలూరు మా విజయనగరం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. అంటే ఆ ఊళ్లకి రాష్ట్రం ఏదో తేలకపోవడమే కాదు, మన వైపు జిల్లా కూడా మారింది.

అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, రెండు ఓటరు కార్డులూ ఉన్నాయి. ఎంఏ డిసర్టేషన్ కోసం వెళ్లినప్పుడు ఒక ముసలాయన గుడిసె చూరులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో రెండు ప్రభుత్వాల కార్డులూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వచ్చిన ఆఫీసరు ఏ భాషలో మాట్లాడితే ఆ భాష కార్డు బయటికి తీస్తానని చెప్పి నవ్వాడు. సార్వభౌమాధికారం మీద మనం రాసే వ్యాసాల్లో ఆ కవరుకి చోటెక్కడో తేల్చుకోవాలన్నదే నా ప్రపోజల్.

ఇందులో కాలం ఎంత ముఖ్యమో చెప్తాను. మన రాష్ట్రంలో 2018 ఆగస్టులో గడువు ముగిసిన పంచాయతీలకి 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. పంచాయతీ గడువు ఐదేళ్లే, అది ముగిసేలోపు ఎన్నికలు పూర్తి చేయాలి అని ఆర్టికల్ 243ఇ స్పష్టంగా చెబుతున్నా ఆ రెండున్నరేళ్లూ స్పెషల్ ఆఫీసర్ల పాలనే. 2021లో గెలిచినవాళ్లకి ఐదేళ్లు 2026తో నిండుతాయి. తర్వాతి ఎన్నికలు ఎప్పుడు జరిగినా అప్పుడు నేను కొండ మీద ఉండాలి. ఏ రాష్ట్రం జీపు ఏ ఊరికి వచ్చింది, ఎవరు ఎవర్ని ఆపారు, ఊరిపెద్ద రాత్రి కూర్చోబెట్టి ఏం చెప్పాడు అన్నవి ఏడాది తర్వాత వెళ్లి అడిగితే దొరికేవి కావు. అడ్మిషన్ లేకుండా నన్ను నేను పంపించుకోవచ్చు కదా అంటారేమో. యూనివర్సిటీ లెటర్ లేకుండా సరిహద్దు గ్రామాల్లో నోట్‌బుక్కు పట్టుకుని ప్రశ్నలడుగుతూ తిరిగితే రెండు వైపుల పోలీసులూ "ఎవరమ్మా నువ్వు?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంటర్వ్యూలో ఒక మేడమ్ మంచి ప్రశ్న వేశారు: రెండు చోట్లా ఓటేసే మనిషిని నువ్వు ఏ రాష్ట్ర ఓటరని లెక్కేస్తావు? చెప్పడం మొదలుపెట్టాను. నలుగురు పెద్దవాళ్లు నిజంగా వింటున్నారనిపించింది. అంతలో టైమైపోయింది, నెక్స్ట్ అన్నారు. ఆ గదిలో నాకు అన్యాయం జరిగిందని నేను అనడం లేదు. మంచి ప్రశ్నలే అడిగారు. ఆ తర్వాత వచ్చిన మౌనమే ఈ లేఖ రాయించింది.

వేరే చోట ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. నాతో ఎంఏ చదివిన శ్రీకాకుళం అమ్మాయి అమెరికాలో పొలిటికల్ సైన్స్ డిపార్ట్‌మెంట్లకి దరఖాస్తులు పెట్టింది. డిసెంబర్‌లో ఆఖరి తేదీలు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఒక రైటింగ్ శాంపిల్, మూడు రికమెండేషన్ లెటర్లు. ఒక్కోదానికి ఫీజు వంద డాలర్లకి అటూ ఇటూ. మినహాయింపు అడిగి తెచ్చుకున్నవి కొన్ని, వాళ్లన్నయ్య దగ్గర అప్పు చేసి కట్టినవి కొన్ని. అక్కడ జనవరి చివర్నుంచి మార్చి దాకా జవాబులు వస్తాయి. ఆర్థిక సాయంతో ఆఫర్ వచ్చినవాళ్లు ఒప్పుకోవడానికి ఏప్రిల్ 15 దాకా టైముంటుంది, ఆలోపే తేల్చమని ఒత్తిడి చేయకూడదని చాలా యూనివర్సిటీలు కలిసి ఒక తీర్మానం మీద సంతకాలు చేశాయి. అందుకే ఏప్రిల్ రెండో వారంలో వెయిటింగ్ లిస్టులు కదులుతాయి. మొదటి వరసలో ఉన్నవాళ్లు తమకి అక్కర్లేని ఆఫర్లు వదిలేస్తారు, ఆ సీటు తర్వాతివాళ్లకి వెళ్తుంది.

ఆ అమ్మాయికి వచ్చినవాటిలో "కాదు" అన్నవే ఎక్కువ. టైము తేడా వల్ల మెయిళ్లు రాత్రిపూట వచ్చేవి. వచ్చిన రాత్రి ఏడ్చేది, పొద్దున లేచి లిస్టులో ఆ పేరు కొట్టేసి, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కి వెళ్లిపోయేది. నాకు ఏడ్చే వీలు కూడా లేదు, దేనికి ఏడవాలో ఇంకా తెలీదు కాబట్టి.

అక్కడంతా సవ్యంగా ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2025లో ఫెడరల్ పరిశోధన నిధులకి కోతపడి కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి, ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. తేదీ పెట్టుకోవడానికి మాత్రం డాలర్లు అక్కర్లేదు కదా!

నాతోపాటు ఎదురుచూస్తున్నవాళ్లకీ ఒక మాట. రెండు చోట్ల సీటు వచ్చి, ఏదో ఒకటి ఖాయం చేసుకున్నవాళ్లు రెండోది వదులుకుంటున్నట్టు ఆ రోజే రాసి పంపండి. ఎందుకైనా మంచిదని అట్టిపెట్టుకుంటే కింద ఇంకొకరు ఆగిపోతారు.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఎంతకీ తేలకపోయేసరికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఫలితాలు ఎప్పుడు ప్రకటిస్తారని అడిగాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు వచ్చింది. "ఎంపిక ప్రక్రియ కొనసాగుతున్నది" అని ఒకే వాక్యం, కింద ముద్ర, సంతకం. అందులో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. కానీ కవరు మీద తేదీ చూశాక ఒక సంగతి తట్టింది. అది గడువు దాటకుండానే వచ్చింది. అదే ఆఫీసు, అదే సిబ్బంది, అవే ఖాళీ పోస్టులు, అదే పని ఒత్తిడి. గడువు పెట్టి, దాటితే జరిమానా పడుతుందని చట్టం చెప్పిన చోట పని టైముకి అయింది. గడువు లేని చోట ఆగిపోయింది. ఇది చూశాక, "మాకు మనుషులు లేరమ్మా" అన్న మాట పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు.

అందుకే అడుగుతున్నాను. నోటిఫికేషన్ ఇచ్చేటప్పుడు ఇంటర్వ్యూ తేదీతో పాటు ఫలితం తేదీ కూడా వేయండి. తప్పనిసరై వాయిదా వేయాల్సి వస్తే కారణమూ, కొత్త తేదీ రెండూ చెప్పండి. ఎంపికైనవాళ్ల హాల్‌టికెట్ నంబర్లు మాత్రమే పీడీఎఫ్‌లో పెట్టి ఊరుకోకుండా, వెయిటింగ్ లిస్ట్ నంబర్లతో సహా పెట్టండి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకుంటే వెయిటింగ్ లిస్టులో ఎన్నో నంబరో రైల్వేవాళ్లు చెబుతారు, చార్ట్ పడగానే బెర్తు ఉందో లేదో మెసేజ్ వస్తుంది. ఒక్క రాత్రి ప్రయాణానికే ఇంత ఏర్పాటు ఉంది, మేం అడిగేది ఆరేళ్ల ప్రయాణం గురించి. సీటు రానివాళ్లకి మెయిల్ పంపండి, నెట్ మార్కుల వెయిటేజీ ఎంత, ఇంటర్వ్యూలో ఎంత వచ్చిందో అందులో రాయండి. సర్టిఫికెట్లు దరఖాస్తు నాటికి చెల్లితే చాలని నిర్ణయించండి, ఆలస్యం మీదైనప్పుడు కాగితం మాది ఎందుకు మురగాలి? ఏ గైడ్ దగ్గర ఎన్ని ఖాళీలున్నాయో నోటిఫికేషన్ నాటి లెక్కనే ఖాయం చేసి, ఆ లెక్కకే కట్టుబడి ఉండండి. సీట్ల సంఖ్య, గైడ్ల పేర్లు, వాళ్ల దగ్గరున్న స్కాలర్ల వివరాలు వెబ్‌సైట్‌లో ఉంచాలని 2022 నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి ఇదేం కొత్త కోరిక కాదు.

ఫలితం ఎన్ని రోజుల్లో చెప్పాలన్న ఒక్క వాక్యం యూజీసీ నిబంధనల్లో చేర్చమని అక్కడికీ రాస్తున్నాను. అది ఎప్పటికి అవుతుందో చెప్పలేను. మీ అకడమిక్ కౌన్సిల్ తలుచుకుంటే వచ్చే నోటిఫికేషన్‌కే చేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ జూన్‌లో మా ప్రిన్సిపల్ గారు "వచ్చే ఏడాది ఉంటావా, వేరేవాళ్లని చూసుకోమంటావా?" అని అడుగుతారు. ఆయనకీ ఒక తేదీలోగా చెప్పాలి. ఈ లేఖకి జవాబు నాకు విడిగా పంపక్కర్లేదు, వెబ్‌సైట్‌లో పెట్టండి. మిగతావాళ్లూ చూసుకుంటారు.

ఇట్లు,
పీహెచ్‌డీ ప్రవేశ ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఒక అభ్యర్థిని,
విజయనగరం